మెనోపాజ్ వయసులో షుగర్ రాకుండా చూసుకోవడం ఎలా: టేపుతో మొదలుపెట్టే పన్నెండు వారాల క్రమం

నలభై ఐదు దాటిన ఆడవాళ్ళు తరచూ అడిగే మాట ఇది: "నేను తినేది పెరగలేదు, చేసే పని తగ్గలేదు. మరి పొట్ట ఎందుకొస్తోంది? షుగర్ బోర్డర్‌లో ఉందని ఎందుకంటున్నారు?"

మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, దగ్గరపడి ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేకొద్దీ, అంతవరకు తొడలకీ పిరుదులకీ చేరిన కొవ్వు పొట్ట లోపలికి, కాలేయం చుట్టూ చేరడం మొదలెడుతుంది. మరోపక్క కండ తగ్గుతుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. అది తగ్గితే, పాతికేళ్ళుగా తింటున్న అదే అన్నం ఇప్పుడు ఎక్కువైపోతుంది. దీనికితోడు అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి నిద్ర పాడవుతుంది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు.

అందుకే ఇక్కడ చెప్పేది కడుపు మాడ్చుకోవడం గురించి కాదు. నడుము తగ్గాలి, కండ నిలవాలి. మిగతావన్నీ ఈ రెండింటి కోసమే.

ఇది ఇంకా షుగర్ రానివాళ్ళకి, బోర్డర్‌లో ఉన్నవాళ్ళకి రాసింది. ఇప్పటికే షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళు తిండి, వ్యాయామం మార్చే ముందు డాక్టరుతో మాట్లాడాలి. లేకపోతే షుగర్ మరీ పడిపోవచ్చు.

## 1. మీ ముప్పు ఎంతో లెక్క వేసుకోండి

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. మన దేశంలో ఇది సగటున 46–47 ఏళ్ళకు వస్తుంది. ఒంట్లో మార్పులు మాత్రం అంతకు కొన్నేళ్ళ ముందే, నెలసరి తేదీలు తప్పుతున్నప్పుడే మొదలవుతాయి. "ఆగిపోయాక చూద్దాంలే" అనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేసి ఉంటే, వయసు 35 అయినా 38 అయినా, మెనోపాజ్ ఆ రోజే వచ్చినట్టు. ఏం తీశారో తెలియకపోతే బీరువాలోని డిశ్చార్జ్ కాగితం తీసి డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు లెక్క. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ మనవాళ్ళ కోసమే తయారుచేసిన పద్ధతి ఇది. రక్తం తీయక్కర్లేదు.

- వయసు: 35 లోపు 0, 35–49 అయితే 20, 50 లేదా ఆపైన 30
- నడుము (ఆడవాళ్ళకి): 80 సెం.మీ. లోపు 0, 80–89 అయితే 10, 90 లేదా ఆపైన 20
- శ్రమ: రోజూ వ్యాయామంతోపాటు బరువు పని కూడా ఉంటే 0, రెండింటిలో ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30
- అమ్మానాన్నలు: ఇద్దరికీ షుగర్ లేకపోతే 0, ఒకరికుంటే 10, ఇద్దరికీ ఉంటే 20

మొత్తం 60 లేదా ఆపైన వస్తే ముప్పు ఎక్కువ. 30–50 మధ్యస్థం.

ఉదాహరణకి ఒకావిడకి 48 ఏళ్ళు, నడుము 88, కూర్చుని చేసే ఉద్యోగం, వ్యాయామం లేదు, అమ్మకి షుగర్. 20, 10, 30, 10 కలిపితే 70. వయసునీ అమ్మనీ మార్చలేదు. నడుము 80 లోపుకి తెచ్చి, వ్యాయామం అలవాటు చేసుకుంటే అదే లెక్క 50కి దిగుతుంది.

ఈ లెక్కలోకి రానివి కొన్ని ఉన్నాయి: గర్భంతో ఉన్నప్పుడు షుగర్ రావడం, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగలు, నెలసరి తప్పడం ఉండే హార్మోన్ సమస్య), 45 లోపే నెలసరి ఆగిపోవడం, బీపీ. వీటిలో ఏది ఉన్నా మొత్తం ఎంత వచ్చిందని చూడకుండా నేరుగా పరీక్షలకి వెళ్ళండి. "కాన్పు అయ్యాక షుగర్ పోయింది" అని ఇరవై ఏళ్ళ కిందటి సంగతి మరిచిపోయేవాళ్ళు చాలామంది. అలాంటివాళ్ళకి తర్వాత షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

## 2. నడుము సరిగ్గా కొలవండి

చాలామంది తప్పుగా కొలిచేది ఇక్కడే. లంగా బొందు కట్టుకునే చోటు నడుము కాదు.

1. ఉదయం పరగడుపున, బాత్రూంకి వెళ్ళొచ్చాక నిలబడండి.
2. పక్కటెముకల్లో చివరిది చేత్తో తడిమి చూడండి. తుంటి ఎముక పైఅంచు కూడా తడమండి. ఆ రెండింటి మధ్య సరిగ్గా సగంలో టేపు పెట్టండి.
3. టేపు వెనకా ముందూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒంటికి ఆనాలి, నొక్కకూడదు.
4. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చి కొలిస్తే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

మన ఆడవాళ్ళ నడుముకి హద్దు 80 సెం.మీ., అంటే సుమారు 31న్నర అంగుళాలు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) కూడా మనకి 23 దాటితే చాలు, అధిక బరువే. అమెరికాలో ఉంటున్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి: అక్కడ ఆడవాళ్ళ నడుముకి సాధారణంగా చెప్పే హద్దు 35 అంగుళాలు, బీఎంఐకి 25. "యూ ఆర్ ఫైన్" అన్నా మన లెక్కలో ఫైన్ కాకపోవచ్చు.

నెలకోసారి కొలిస్తే చాలు. రోజూ కొలిస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

## 3. పరీక్షలు: ఏవి, ఎలా

| పరీక్ష | మామూలు | బోర్డర్ | షుగర్ |
|---|---|---|---|
| పరగడుపు (ఫాస్టింగ్) | 100 లోపు | 100–125 | 126 లేదా ఆపైన |
| గ్లూకోజ్ నీళ్ళు తాగిన 2 గంటలకు | 140 లోపు | 140–199 | 200 లేదా ఆపైన |
| హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు) | 5.7 లోపు | 5.7–6.4 | 6.5 లేదా ఆపైన |

మెనోపాజ్ దగ్గరలో ఉన్నవాళ్ళు ఒక మెలిక తెలుసుకోవాలి. ఈ వయసులో చాలామందికి నెలసరి ఎక్కువగా, ఎక్కువ రోజులు అవుతుంది. దాంతో ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈమధ్యే రక్తం బాగా పోయినా, ఎక్కించినా తక్కువ చూపించవచ్చు. మా పిన్నికి ఇదే జరిగింది. 6.2 వచ్చిందని ఇల్లంతా కంగారుపడి, స్వీట్ డబ్బాలన్నీ పక్కింటికి పంపేశారు. హిమోగ్లోబిన్ చూస్తే 8.5. ఐరన్ మాత్రలు వాడి, గ్లూకోజ్ నీళ్ళ పరీక్ష చేయించుకుంటే రెండు గంటలకి 118. కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కటే పట్టుకుని ఏ నిర్ణయానికీ రావద్దు.

పరీక్షకి వెళ్ళేముందు

- [ ] కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు. "చక్కెర లేని కాఫీయేగా" అని తాగితే అది ఫాస్టింగ్ కాదు.
- [ ] ముందు మూడు రోజులు రోజూ తినేదే తినండి. రిపోర్టు బాగా రావాలని అన్నం మానేసి వెళితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.
- [ ] జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాక వెళ్ళండి. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ముందే చెప్పండి.
- [ ] హిమోగ్లోబిన్, థైరాయిడ్, కొలెస్టరాల్, బీపీ కూడా అప్పుడే చూపించుకోండి.
- [ ] పాత రిపోర్టులు పారేయొద్దు. 92 నుంచి 99కి వచ్చిందంటే ఇంకా మామూలే కావచ్చు, కానీ దారి ఎటో తెలుస్తోంది.

బోర్డర్‌లో ఉంటే ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. అంతా మామూలుగా వచ్చినా మీ ముప్పు లెక్క 60 లేదా ఆపైన ఉంటే ఏటా చేయించుకోమనే అంటాను.

## 4. పళ్ళెం మార్చండి, వంట కాదు

విడిగా వండుకునే డైట్ మన ఇళ్ళలో పది రోజులు కూడా నిలవదు. పదకొండో రోజు ఎవరో చుట్టాలొస్తారు. కాబట్టి అందరికీ వండిందే తినండి. మార్చాల్సింది వడ్డించుకునే క్రమం, కొలత.

క్రమం. ముందు కూర, ఆ తర్వాత పప్పో గుడ్డో చికెనో, ఆఖర్న అన్నం. ఒక కప్పు బెండకాయ, బీరకాయ, చిక్కుడు, ఆకుకూర ఏదైనా సరే, అన్నం కలపకుండా ముందు తినేయండి. పీచు, ప్రొటీన్ ముందు లోపలికి వెళితే అన్నం నెమ్మదిగా అరుగుతుంది, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. మొదటి రెండు రోజులు వట్టి కూర తినడం వింతగా ఉంటుంది. ఉప్పు, కారం కాస్త తగ్గించి వండితే తేలికవుతుంది.

అన్నం కొలత. పూటకి 50 గ్రాముల బియ్యం, అంటే సుమారు 130–150 గ్రాముల అన్నం. వంటింటి తూకం ఉంటే ఒక్కసారి తూచి, అది ఏ గిన్నెకి ఎంతవరకు వస్తుందో చూసుకోండి. ఆ తర్వాత తూకం అక్కర్లేదు, ఆ గిన్నే మీ కొలత. పప్పన్నం, చారన్నం, పెరుగన్నం మూడూ అందులోనే సర్దుకోవాలి. నాకైతే పెరుగన్నం వదులుకోవడమే కష్టమైంది. ఇప్పుడు ఆఖరున పెరుగు గిన్నెలో వేసుకుని వట్టిగానే తినేస్తున్నాను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన మామూలు భోజనంలో అన్నం వాటా దానికంటే చాలా ఎక్కువే ఉంటుంది.

ప్రొటీన్. 60 కిలోల మనిషికి రోజుకి కనీసం 50 గ్రాములు కావాలి. ఈ వయసులో కాస్త ఎక్కువైనా మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. ఇంట్లో దొరికేవాటి లెక్క సుమారుగా:

- గుడ్డు: 6 గ్రాములు
- 30 గ్రాముల కందిపప్పు (ఉడకముందు): 6–7
- 200 గ్రాముల పెరుగు: 6–7
- గుప్పెడు వేరుశనగలు (30 గ్రాములు): 7
- 100 గ్రాముల చికెన్: 20 పైనే

పలచటి సాంబారు రెండు గరిటెలు పోసుకుని "పప్పు తిన్నాను" అనుకోవద్దు. ముద్దపప్పు తిన్నట్టు కాదది.

టిఫిన్. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ తింటే అందులో పిండి పదార్థమే ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. రెండు ఇడ్లీ, ఒక గుడ్డు, కూరగాయ ముక్కలున్న చిక్కటి సాంబారు చేసుకోండి. ఉప్మా అయితే రవ్వకి సమానంగా కూరగాయలు వేసి, పక్కన ఉడికించిన శనగలు పెట్టుకోండి. పెసరట్టు మనకున్న మంచి టిఫిన్లలో ఒకటి, లోపల ఉప్మా కూరకుండా ఉంటే.

వంటింట్లో తెలియకుండా తినేది. అందరూ తిన్నాక గిన్నె అడుగున రెండు ముద్దల అన్నం మిగులుతుంది. పారేయడానికి మనసొప్పక కాస్త పెరుగు కలుపుకుని తినేస్తాం. సాయంత్రం టీవీ ముందు నాలుగు జంతికలు. మూడు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల చక్కెర. ఇవేవీ భోజనంలా అనిపించవు, కానీ ఒంటికి అవీ లెక్కే. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టండి, కాఫీలో చక్కెర వారానికి అరచెంచా చొప్పున తగ్గించండి.

## 5. తిన్నాక పది నిమిషాలు నడవండి

రోజులో ఒకేసారి అరగంట నడవడం కంటే, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవడం తిన్నాక పెరిగే షుగర్‌కి బాగా పనికొస్తుంది. తిన్న అరగంటలోపు మొదలుపెట్టండి. డాబా మీదైనా, హాల్లోనైనా సరే. ఫోన్ మాట్లాడుతూ నడిచినా లెక్కే.

వారం మొత్తానికి 150 నిమిషాల చురుకైన నడక లక్ష్యం. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

దగ్గినా, వేగంగా నడిచినా మూత్రం చుక్కలు పడటం ఈ వయసులో మామూలే. సిగ్గుపడి ఎవరికీ చెప్పక నడకే మానేసేవాళ్ళున్నారు. మూత్రం ఆపుకునే కండరాలను 5 సెకన్లు బిగించి వదలడం పదిసార్లు, రోజుకి మూడు విడతలు చేయండి. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. తగ్గకపోతే గైనకాలజిస్టుకి చెప్పండి, దానికి వైద్యం ఉంది.

## 6. కండ పెంచండి: వారానికి రెండు రోజులు

అందరూ వదిలేసే మెట్టు ఇదే. ఇంటిపని చేస్తున్నాం కదా అంటారు. ఇంటిపని అలసట తెస్తుంది, కానీ కండకి రోజురోజుకీ పెరిగే బరువు ఇవ్వదు.

1. కుర్చీలోంచి లేవడం. కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని లేచి నెమ్మదిగా కూర్చోండి. మోకాళ్ళ నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.
2. గోడని నెట్టడం. గోడకి రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, ముందుకి వంగి వెనక్కి నెట్టండి.
3. సంచి లాగడం. గుడ్డసంచిలో కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు వేయండి. ఒక చేయి బల్లకి ఆన్చి వంగి, రెండో చేత్తో సంచిని నడుము దాకా లాగండి.
4. పిరుదులు ఎత్తడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తి 3 సెకన్లు ఆగండి.
5. మునివేళ్ళ మీద లేవడం. వంటింటి గట్టు పట్టుకుని. కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూసేటప్పుడు చేసేయొచ్చు.

ఒక్కోటి పదిసార్లు, రెండు విడతలు. ఆఖరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. సులువైపోతే సంచిలో ఇంకో ప్యాకెట్ వేయండి. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఎముకలు గుల్లబారడం ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగండి.

## 7. నిద్రా ఆవిర్లూ

- పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం ముగించండి.
- సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ వద్దు. కారం, వేడివేడి కాఫీ కొందరికి ఆవిర్లు తెప్పిస్తాయి. ఏది తిన్నప్పుడు వస్తున్నాయో వారం రోజులు రాసిపెట్టుకోండి.
- సింథటిక్ నైటీ బదులు పల్చటి నూలుది. మంచం పక్కన చన్నీళ్ళు.
- గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టవడం ఇంట్లోవాళ్ళు గమనిస్తే చూపించుకోండి. ఈ ఇబ్బంది మెనోపాజ్ తర్వాత పెరుగుతుంది, షుగర్‌నీ పెంచుతుంది.

## 8. మందులూ హార్మోన్లూ

ఆవిర్లు బతకనివ్వనంతగా ఉంటే హార్మోన్ చికిత్స గురించి గైనకాలజిస్టుని అడగండి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటివి మీకు ఉన్నా, కుటుంబంలో ఉన్నా ముందే చెప్పాలి. దీనివల్ల షుగర్ ముప్పు కాస్త తగ్గుతుందని పరిశోధనల్లో తేలినా, షుగర్ ఆపడానికే అని ఎవరూ రాయరు.

బోర్డర్‌లో ఉన్న కొందరికి డాక్టర్లు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇస్తారు. ఎక్కువకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గిందేమో పరీక్ష చేయించుకుంటుండాలి. మాత్ర వేసుకుంటున్నాం కదా అని నడక మానొద్దు. 2006లో వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనంలో తిండి, వ్యాయామం మార్చుకున్నవాళ్ళలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో 26.4 శాతం. రెండూ కలిపినా అదనంగా ఒరిగిందేమీ లేదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

అన్నం మాని నాలుగు చపాతీలు, బంగాళాదుంప కూర. గోధుమలోనూ పిండి పదార్థమే. రెండు చపాతీలు, రెండు కప్పుల వేరే కూర తినండి.

పలచటి రాగిజావ గ్లాసుడు. జావ తాగితే త్వరగా అరిగి షుగర్ త్వరగా ఎక్కుతుంది. రాగిసంకటి చిన్న ముద్ద, ఆకుకూర పప్పుతో తింటే నయం. కొర్రలూ సామలూ అంతే, అన్నానికి బదులే తప్ప అన్నంతోపాటు కాదు.

చక్కెర బదులు బెల్లం, తేనె. రక్తంలోకి వెళ్ళాక తేడా పెద్దగా లేదు.

ఏకాదశి ఉపవాసం పేరుతో సగ్గుబియ్యం, అరటిపళ్ళు, సాయంత్రం పులిహోర. పాలు, పెరుగు, వేరుశనగలు, ఒక పండుతో ఉండండి.

వేసవిలో పెరుగన్నంలో మామిడిపండు. ఆ రుచి నాకూ తెలుసు. ఆ పూట అన్నం సగం చేసి, మామిడి రెండు ముక్కలతో ఆపండి.

మెంతులు, కాకరకాయ రసం చాలనుకోవడం. కూరలో, పొడిలో తినండి, మంచిదే. పరీక్షలకీ నడకకీ అవి బదులు కావు. పేరూ లేబులూ లేని పొడుల జోలికి వెళ్ళొద్దు.

కడుపు మాడ్చుకుని నెలలో ఐదు కిలోలు తగ్గడం. దాంట్లో కండ కూడా పోతుంది. ఆరు నెలల్లో బరువులో 5–7 శాతం చాలు. 70 కిలోలుంటే మూడున్నర నుంచి ఐదు కిలోలు.

## 10. పన్నెండు వారాల క్రమం

అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి ఆగిపోతాయి.

- [ ] 1వ వారం: లెక్క, నడుము, పరీక్షలు. తిండి మార్చొద్దు, తిన్నది రాయండి.
- [ ] 2–3: కూర ముందు, అన్నం ఆఖరు. రాత్రి భోజనం తర్వాత పది నిమిషాల నడక.
- [ ] 4–6: టిఫిన్‌లో ప్రొటీన్. కాఫీలో చక్కెర తగ్గింపు. వారానికి రెండు రోజులు కండ వ్యాయామం.
- [ ] 7–9: అన్నం గిన్నె కొలత. మూడు పూటలా నడక.
- [ ] 10–12: రాత్రి భోజనం ముందుకి. సంచిలో బరువు పెంపు.
- [ ] 12 వారాలు నిండాక: మళ్ళీ టేపు. హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయించుకోవాలంటే ఇప్పుడే. అంతకుముందు చేయిస్తే పాత రోజులే కనిపిస్తాయి.

నడుము రెండు సెంటీమీటర్లు తగ్గి, బరువు కదలకపోతే దిగులుపడొద్దు. కొవ్వు తగ్గి కండ నిలబడినట్టు.

వీటికి మాత్రం పన్నెండు వారాలు ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి:

- విపరీతమైన దాహం, రాత్రి పదేపదే మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం.
- కింద దురద, తెల్లబట్ట, మూత్రంలో మంట మళ్ళీ మళ్ళీ రావడం. "మెనోపాజ్ పొడితనం" అని సర్దుకోకండి, షుగర్ వల్ల కూడా ఇలా అవుతుంది.
- నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా సరే.
- ఛాతీలో బరువు, దవడ లేదా చేయి లాగడం, చెమటలు. ఆవిరేమోనని పడుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.